పారేయకూడని స్పాంజి

చేపల తొట్టి ఉన్న ఇళ్లలో చాలా చోట్ల నెలకోసారి ఒక ఆదివారం దానికోసం కేటాయిస్తారు. చేపల్ని బకెట్లోకి తీస్తారు. నీళ్లన్నీ పారబోస్తారు. రాళ్లు కడుగుతారు. ఫిల్టర్ విప్పి, అందులోని స్పాంజిని కొళాయి కింద పెట్టి, నల్లటి మడ్డి పోయి తేట నీళ్లు వచ్చేదాకా పిండుతారు. మరీ శుభ్రం కోరేవాళ్లు సబ్బు కూడా రాస్తారు. సాయంత్రానికి తొట్టి తళతళలాడుతుంది. రెండు మూడు రోజుల్లో నీళ్లు తెల్లగా మసకబారతాయి. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. ఆ తరవాత ఒకటో రెండో చచ్చిపోతాయి. అప్పుడు దుకాణానికి వెళ్లి నీళ్లు తేటబడే మందు, కొత్త స్పాంజి, ఇంకా పెద్ద మోటారు, పోయిన చేపల బదులు కొత్త చేపలు కొనుక్కొస్తారు. మళ్లీ నెలకు అదే ఆదివారం వస్తుంది.

ఈ ఖర్చులో చాలా భాగం అక్కర్లేనిది. చేపలు పెంచడం డబ్బున్నవాళ్ల సరదా అని ఇళ్లలో ఒక మాట ఉంది. పిల్లలు ఆశపడి కొనిపించుకున్న తొట్టి ఏడాది తిరక్కుండా ఖాళీ అయి, మేడ మీద మూలన పడి ఉండడం మీరూ చూసే ఉంటారు. అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఫిల్టర్ లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పకపోవడం వల్లే ఆ తొట్టి ఖాళీ అయింది. అందుకే ఇవాళ ఫిల్టర్ గురించి, దాని మీద పెట్టే డబ్బు ఎలా మిగుల్చుకోవచ్చో మాట్లాడతాను.

చేప మొప్పల నుంచి నీళ్లలోకి అమోనియా ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. మిగిలిపోయిన మేత, మలం, రాలిన ఆకు కుళ్లినా అమోనియాయే పుడుతుంది. చెరువులో నీళ్లు అపారం కాబట్టి తెలియదు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోసినా 56 లీటర్లు. కిందున్న రాళ్లు, పైన వదిలే ఖాళీ పోతే 50 లీటర్లకు మించవు. అందులో అరడజను చేపలుంటే, అమోనియాను ఎవరో ఒకరు తీసేయకపోతే కొద్ది రోజుల్లోనే మొప్పలు దెబ్బతింటాయి.

తీసేసేవి సూక్ష్మజీవులు. ఒక జాతి అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, అది చేప రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. ఇంకో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను చేపలు చాలావరకు తట్టుకుంటాయి, మొక్కలకైతే అది ఎరువు. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు ఈ సూక్ష్మజీవుల్ని మట్టి నుంచి వేరుచేసి చూపించాడు. ఆ తరవాత నూరేళ్లకు పైగా ఇది రెండు జాతులు పంచుకుని చేసే పని అనే అందరూ అనుకున్నారు. 2015లో రెండు పనుల్నీ ఒక్కటే చేసుకోగల జీవి ఉందని తేలింది. దాన్ని పట్టుకున్న చోట్లలో ఒకటి చేపల పెంపకంలో వాడే ఫిల్టర్. మనం అసహ్యించుకుని పిండి పారేసే మడ్డిలో అంత సంగతి ఉంది.

ఈ జీవులు నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ. స్పాంజి రంధ్రాలకు, రాళ్లకు, ఫిల్టర్‌లో వేసే పింగాణి రింగులకు గోధుమరంగు జిగురు పొరగా అంటిపెట్టుకుని ఉంటాయి. చాలా నెమ్మదిగా పెరుగుతాయి. మామూలు బ్యాక్టీరియా అరగంటలో రెట్టింపు కాగలిగితే, వీటికి పూటలు, రోజులు పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదుటపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. ఆ ఆరు వారాల పంటను మనం ఆదివారం పూట కొళాయి కింద కడిగేస్తున్నాం. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మన కడుపులోకి క్రిములు వెళ్లకుండా చంపడానికే అది. స్పాంజిలో ఉన్న మేలు చేసే జీవుల్ని కూడా అది చంపుతుంది.

మరి కడగొద్దా? కడగాలి. మడ్డి మరీ నిండితే నీళ్లు స్పాంజి గుండా పోవు, లోపలి జీవులకు ఆక్సిజన్ అందదు. ఎప్పుడు కడగాలో క్యాలెండర్ చూసి నిర్ణయించకండి, ధార చూడండి. ఫిల్టర్ నుంచి వచ్చే నీటి ధార సన్నబడితే సమయం వచ్చినట్టే. అది కొందరి ఇళ్లలో మూడు వారాలు, కొందరి ఇళ్లలో రెండు నెలలు. ముందు తొట్టిలోంచి ఒక బకెట్ నీళ్లు తీయండి. ఆ నీళ్లలోనే స్పాంజిని ముంచి రెండు మూడుసార్లు పిండండి. అంతే. ఇంకా గోధుమరంగుగానే ఉంటుంది, అలాగే ఉండాలి. పింగాణి రింగుల్ని అదే బకెట్లో ఒకసారి ఆడించి తీసేయండి, తోమొద్దు. స్పాంజి కడిగిన రోజు కింద రాళ్లను కదిలించకండి. రాళ్ల పని ఇంకో వారం పెట్టుకోండి. బకెట్లో మిగిలిన మురికి నీళ్లు కరివేపాకు కుండీలోకో పూలమొక్కలకో పోయండి.

వారానికి నాలుగోవంతు నీళ్లు మారిస్తే చాలు. మొత్తం మార్చాల్సిన పనే లేదు. హైదరాబాదులో మంజీరా నీళ్లు వాడినా, మరో ఊళ్లో మున్సిపల్ కొళాయి నీళ్లు వాడినా, ముందు రోజు బకెట్లో పట్టి మూత పెట్టకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. అంత తీరిక లేనివాళ్లు దుకాణంలో యాంటీ క్లోరిన్ అడుగుతారు. చిన్న సీసాల్లో అమ్మే ఆ ద్రావణాల్లో చాలావాటిలో ఉండేది సోడియం థయోసల్ఫేట్. పూర్వం ఫోటో స్టూడియోల్లో హైపో అనేవారే, అదే. స్ఫటికాల రూపంలో పొట్లం కొనుక్కుంటే ఎంతో కాలం వస్తుంది. బోరు నీళ్లు వాడేవాళ్లకు క్లోరిన్ బాధ లేదు, కానీ సున్నపు బాధ ఉంది. దాని సంగతి మోటారు దగ్గర చెప్తాను.

ఇప్పుడు మార్చమని చెప్పే వస్తువుల దగ్గరికొద్దాం. తొట్టి అంచుకు వేలాడే ఫిల్టర్లలో ప్లాస్టిక్ చట్రానికి దూది లాంటి పొర చుట్టి, లోపల బొగ్గు పొడి నింపిన కార్ట్రిడ్జ్ ఒకటి ఉంటుంది. నెలకోసారి మార్చాలని పెట్టె మీద రాసి ఉంటుంది. ఆ రాత అమ్మేవాళ్లకు లాభం, చేపకు నష్టం. మార్చిన ప్రతిసారీ అందులో పెరిగిన జీవులన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. నేను చెప్పే పద్ధతి ఇది. ఆ కార్ట్రిడ్జ్ పెట్టే ఖాళీలో ముతక రంధ్రాల స్పాంజి ముక్క ఒకటి సరిపడా కోసి శాశ్వతంగా పెట్టేయండి. దాని ముందు, నీళ్లు మొదట తగిలేచోట, పల్చగా తెల్ల ఫిల్టర్ దూది పెట్టండి. సన్నటి మురికిని దూది పట్టుకుంటుంది. పారేసేది దూది మాత్రమే, స్పాంజి ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ దూది కూడా ప్రత్యేకంగా అక్వేరియం పేరుతో కొనక్కర్లేదు. దిండ్లలో నింపే రెక్రాన్ సరిపోతుంది, సువాసన, రసాయనపు పూత లేనిదైతే చాలు. పత్తి దూది మాత్రం వద్దు, నీళ్లలో కుళ్లిపోతుంది.

బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్, మామూలుగా నడిచే తొట్టికి అవసరం లేదు. మందు వేసిన తరవాత ఆ మందును నీళ్లలోంచి లాగేయడానికి, కొయ్య దుంగ పెట్టినప్పుడు దిగే పసుపు రంగు పోగొట్టడానికి పనికొస్తుంది. కొన్ని వారాల్లో దాని శక్తి అయిపోతుంది. అవసరమైనప్పుడు కొంచెం కొనుక్కుని వాడి తీసేయండి.

పింగాణి రింగులు, గాజు ముక్కలు, రకరకాల పేర్లతో ఖరీదైన రాళ్లు అమ్ముతారు. సూక్ష్మజీవులకు కావాల్సింది పట్టుకుని కూర్చోడానికి గరుకైన, రంధ్రాలున్న చోటు. కాలిన మట్టిలో అది పుష్కలంగా ఉంది. పగిలిన పూలకుండీ ముక్కలు, పాత ఇంటి పెంకు ముక్కలు, సిమెంటు అంటని ఇటుక ముక్కలు ఉడికించి, కడిగి వాడండి. గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు కూడా బాగా పనిచేస్తుంది. సబ్బు ఎక్కించింది, ఇనుప పీచు, క్రిములు చంపే పూత ఉన్న స్పాంజి మాత్రం వాడకూడదు. పెంకు ముక్కలతో నడిచే తొట్టి చూడ్డానికి పేదగా ఉంటుందని కొందరి అభ్యంతరం. ఫిల్టర్ డబ్బా మూత వేశాక లోపల ఏముందో ఎవరికీ కనబడదు.

కొత్త తొట్టి పెట్టేవాళ్లకు ఇంకో మాట. బాగా నడుస్తున్న తొట్టి ఉన్న స్నేహితులో బంధువులో ఉంటే, వాళ్ల స్పాంజిలో సగం కోసి తెచ్చుకోండి. తడి ఆరకుండా వాళ్ల తొట్టి నీళ్లలోనే తీసుకొచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. పాలకు తోడు వేసినట్టే, ఆరు వారాల పని కొద్ది రోజుల్లో మొదలవుతుంది. ఆ తొట్టిలో చేపలు జబ్బుల్లేకుండా ఉన్నాయని చూసుకుంటే చాలు. ఇలాంటి స్పాంజి దొరికినవాళ్లకు సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా ద్రావణాలు అక్కర్లేదు. మీ దగ్గరా ఎప్పుడూ రెండు స్పాంజిలు నడుస్తూ ఉండనివ్వండి. ఒకటి కడిగితే ఇంకోటి కదిలించకండి. తెలిసినవాళ్లెవరైనా అడిగితే ఒకటి ఇవ్వగలుగుతారు.

కరెంటు ఆదా పేరుతో జరిగే పొరపాటు గురించి ఇప్పుడు చెప్పాలి. దీనివల్ల పోయే చేపలు చాలా ఎక్కువ. పడుకోబోయే ముందు తొట్టి లైటుతో పాటు ఫిల్టర్ స్విచ్చి కూడా ఆపేసే ఇళ్లు ఎన్నో. మోటారు చప్పుడుకు నిద్ర పట్టదంటారు, బిల్లు వస్తుందంటారు. లెక్క చూద్దాం. చిన్న తొట్టికి పెట్టే 5 వాట్ల మోటారు రోజంతా, నెలంతా తిరిగితే 3.6 యూనిట్లు. రాత్రి ఎనిమిది గంటలు ఆపితే నెలకు మిగిలేది 1.2 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు అనుకున్నా ఏడు రూపాయల ఇరవై పైసలు.

ఆ ఏడు రూపాయలకు ఏం పోతుందో చూడండి. మొక్కలు పగలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి అవి కూడా తీసుకుంటాయి. చేపలు తీసుకుంటాయి, ఫిల్టర్ జీవులూ తీసుకుంటాయి. కాబట్టి తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల రైతును అడిగితే ఈ సంగతి చెప్తాడు. చెరువులో ఏరేటర్లు అర్ధరాత్రి దాటాక తప్పకుండా తిప్పాలని, ఆ వేళలో కరెంటు పోతే జనరేటర్ సిద్ధంగా ఉండాలని అతనికి తెలుసు. తెల్లవారేసరికి పంట మొత్తం పోవచ్చన్న భయంతో నేర్చుకున్న పాఠం అది. మన గదిలోని తొట్టికి కూడా అదే లెక్క. పైగా మన ఎండాకాలం ఉంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీళ్లు పట్టుకునేది 7.5 మాత్రమే. వేసవి రాత్రి ఫిల్టర్ ఆపితే చేపకు ఊపిరాడదు. మూత బిగించిన పెద్ద క్యానిస్టర్ ఫిల్టర్ అయితే కష్టం రెట్టింపు. గంటల తరబడి ఆగితే లోపలి జీవులు చచ్చి కుళ్లడం మొదలవుతుంది, పొద్దున స్విచ్చి వేయగానే ఆ కుళ్లు నీళ్లన్నీ తొట్టిలోకి వస్తాయి. కరెంటు చాలాసేపు పోయినప్పుడు కూడా, దాన్ని విప్పి తొట్టి నీళ్లతో ఒకసారి తొలిచాకే మళ్లీ నడపండి. కరెంటు లేనంతసేపూ చెంబుతో తొట్టి నీళ్లే ముంచి కాస్త ఎత్తు నుంచి పోస్తూ ఉంటే చేపలకు ప్రాణం నిలుస్తుంది.

నిజంగా కరెంటు ఆదా కావాలంటే కొనేటప్పుడే చూసుకోవాలి. మోటారు మీద వాట్లు రాసి ఉంటాయి. రెండడుగుల తొట్టికి 20 వాట్ల మోటారు పెడితే నెలకు 14.4 యూనిట్లు. 3 వాట్ల గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ పెడితే రెండు యూనిట్ల పైచిలుకు. నా మటుకు నేను చిన్న తొట్టికి స్పాంజి ఫిల్టర్ కన్నా మంచిది లేదంటాను. ధర తక్కువ, విరిగే భాగాలు లేవు, పిల్ల చేపల్ని లాగేసుకోదు, కడగడం తేలిక. బుడగల శబ్దం వస్తుంది, తొట్టి మూలలో కనిపిస్తుంది, నీళ్లు గాజులా తేటగా కావాలంటే సరిపోదు. ఆ మూడూ ఒప్పుకోగలిగితే ఇంకేదీ చూడక్కర్లేదు. ఒక పంపు నుంచి టీ జాయింటుతో రెండు ఫిల్టర్లు నడపొచ్చు. పంపును తొట్టి కన్నా ఎత్తులో పెట్టండి. కుదరకపోతే గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వ్ ఒకటి పెట్టండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు తొట్టి నీళ్లు గొట్టం వెంట వెనక్కి వచ్చి పంపులోకి, అక్కణ్ణుంచి స్విచ్చి బోర్డు దాకా పోగలవు. ఇక్కడ పది రూపాయలు మిగుల్చుకోవాలని చూడొద్దు. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీసేయడం కూడా అంతే ముఖ్యం.

మోటారు చప్పుడు చేస్తోందని పారేసేవాళ్లున్నారు. పవర్ ఫిల్టర్‌లో తిరిగే భాగం ఒక అయస్కాంతం, దానికి అతుక్కున్న రెక్కలు. ఇంపెల్లర్ అంటారు. దాని చుట్టూ జిగురు, బోరు నీళ్లయితే తెల్లటి సున్నపు పొర పేరుకుని, తిరగలేక గుర్రుమంటుంది. మూత తిప్పి ఇంపెల్లర్ బయటికి లాగండి. మధ్యలో సన్నటి పింగాణి కడ్డీ ఉంటుంది, విరక్కుండా చూడండి. సున్నం పట్టి ఉంటే వెనిగర్, నీళ్లు సమంగా కలిపి అరగంట నానబెట్టండి. నిమ్మరసమైనా పరవాలేదు. పాత పళ్ల బ్రష్‌తో తోమి, మంచినీళ్లతో బాగా కడిగి బిగించండి. కొత్తదానిలా తిరుగుతుంది. ఇంపెల్లర్ అరిగినా, రెక్క విరిగినా అది విడిగా దొరుకుతుంది, మోటారంతా కొనక్కర్లేదు. నీళ్లు తగ్గి మోటారు వట్టిగా తిరగకుండా చూసుకోండి, దాన్ని చల్లబరిచేది నీళ్లే. గాలి పంపులో గాలి తగ్గితే ముందు గొట్టం చివరనుండే గాలి రాయి తీసి చూడండి. చాలాసార్లు పూడుకుపోయింది అదే. పూడుకుపోయిన రాయితో అలాగే నడిపిస్తే లోపలి రబ్బరు డయాఫ్రం చిరుగుతుంది. ఆ రబ్బరు కూడా విడిగా దొరుకుతుంది.

ఫిల్టర్‌కు పని తగ్గించడం మన చేతిలోనే ఉంది. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయండి. వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించడానికి గుప్పెడు వేయకండి. గోల్డ్ ఫిష్ తిండి ఎక్కువ, మురికి ఎక్కువ. చిన్న తొట్టిలో రెండు మించితే ఏ ఫిల్టర్ కూడా ఆదుకోలేదు. తొట్టి శుభ్రం చేస్తుందని సక్కర్ ఫిష్ అమ్ముతారు. అడుగు దాటి పెరిగే చేప అది. అద్దం మీద పాచి కొంత తింటుంది, తాను వేసే మురికి అంతకన్నా ఎక్కువ. పెరిగాక ఉంచుకోలేక కాలువలో వదిలేస్తే అక్కడ మన చేపల్ని, చేపల మీద బతికే రైతుల్ని ఇబ్బంది పెడుతోంది. కొనకండి, కొని ఉంటే బయట వదలకండి. తొట్టి పైన ఒక మనీ ప్లాంట్ తీగ పెట్టి వేళ్లు మాత్రం నీళ్లలోకి వదలండి. పైసా ఖర్చు లేకుండా నైట్రేట్‌ను తాగేస్తుంది.

ఒక చేపకు జబ్బు చేస్తే తొట్టి అంతా నీలం మందు పోయకండి. మిథిలీన్ బ్లూ, యాంటీబయాటిక్ మందులు ఫిల్టర్‌లోని జీవుల్ని కూడా దెబ్బతీస్తాయి. జబ్బు చేపను విడిగా టబ్బులో, గాలి రాయి పెట్టి చికిత్స చేయండి.

సంక్రాంతికో వేసవి సెలవులకో వారం పాటు ఊరెళ్లేవాళ్లు ఏం చేయాలని చాలామంది అడుగుతుంటారు. వెళ్లడానికి రెండు రోజుల ముందు నాలుగోవంతు నీళ్లు మార్చండి. ఫిల్టర్ ధార సరిగా ఉందో లేదో చూడండి. ఇంటి మెయిన్ స్విచ్చి ఆపేయకండి, తొట్టి ఉన్న గది లైను నడవనివ్వండి. మేత ఎక్కువ వేసి వెళ్లొద్దు. ఆరోగ్యంగా, పెద్దవైన చేపలు వారం రోజులు తిండి లేకుండా సులువుగా ఉండగలవు. పక్కింటివాళ్లకు మేత డబ్బా ఇచ్చి వెళ్తే జాలిపడి ఎక్కువ వేస్తారు. ఇవ్వాలనుకుంటే రోజుకు సరిపడా చిటికెడు చొప్పున పొట్లాలు కట్టి ఇవ్వండి, డబ్బా దాచేయండి. కరెంటు పోయి వచ్చాక ఫిల్టర్ మళ్లీ తిరుగుతోందో లేదో ఒకసారి చూడమని వాళ్లకు చెప్పి వెళ్లండి.